లేమియు కానలేమియు

2008వ సంవత్సరపు వేసవిలో ఒకనాడు, కృష్ణా డెల్టాలోని యొక చిన్న పట్టణపు గ్రంథాలయమున, మధ్యాహ్నపు టెండ వాలకముందే మొదలై దీపములు పెట్టు వేళకు గాని ముగియని యొక వాదమునకు నేను సాక్షిగా నుంటిని. వాదు లిద్దరును మేనమామ మేనల్లుండ్రు. మామ ముప్పది యేండ్లు గ్రంథపాలకుడుగా పనిచేసి విరమించినను, ఉదయ సాయంకాలములందు కాళ్లు తమంతట తామే అటు నడచుటచేత ఆ గ్రంథాలయమును వీడలేకున్న పెద్దమనిషి. చిన్ననాట సంస్కృత కళాశాలలో తర్కమీమాంసలు చదివినవారు. అల్లుడు హైదరాబాదులో సర్వర్ల బాగోగులు చూచుకొను ఉద్యోగి; సెలవులకు వచ్చి, ఆ గ్రంథాలయమువారు కొన్నేండ్లుగా కంప్యూటరున కెక్కించుకొన్న పుస్తకపట్టికలను, పాతపత్రికల విషయసూచికలను పాఠకుడు ఒక్క మాట టైపుచేసి వెదకుకొనుటకు వీలగునట్లు, నచ్ అను ఉచిత అన్వేషణ సాధనమును అచ్చట నమర్చి పెట్టినవాడు.

ఆ సాధనమును గూర్చి రెండు మాటలు చెప్పనిదే వాదము బోధపడదు. సూచికలు కట్టి వానిలో వెదకుటకు లూసీన్ అను ప్రోగ్రామును రచించిన డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లాతో కూడి 2002లో నచ్‌ను మొదలుపెట్టెను; 2005లో అది అపాచీ సంస్థ నీడకు చేరినది; దాని గర్భమున పెరిగిన భాగమే 2006లో వేఱుపడి హడూప్ అను పేర ప్రసిద్ధి కెక్కినది. నచ్ చేయు పని రెండు పాళ్లు. ఒకటి పుటలన్నిటిని తిరిగి తెచ్చి, ఏ మాట యే పుటలో నున్నదో సూచి కట్టి, దానిని డిస్కుమీద నుంచును. రెండవది టామ్‌క్యాట్ అను సర్వరులో కొలువుండి, పాఠకుడు అడిగిన మాటకు ఆ సూచిని తెఱచి జవాబు చెప్పును. ఈ రెంటి నడుమ నున్న బంధమెల్ల ఒక్కటియే: సూచి యే డైరెక్టరీలో నున్నదో రెండవదానికి తెలియుట. 2011లో వెలువడిన 1.3 కూర్పుతో నచ్ తన జవాబు చెప్పు భాగమును విడిచి, ఆ పనిని సోలర్ అను వేఱొక అన్వేషణ సర్వరునకు అప్పగించినది గాని, ఆ ప్రశ్న ఇల్లు మారినదే తప్ప సమసిపోలేదు. అందుచేతనే ఆనాటి మాటలను జ్ఞాపకమున్నంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందునాడు అంతయు సవ్యముగా నడచినది. రాత్రి కరెంటు పోయి వచ్చినది. మఱునాడు మామ యంత్రము ముందు కూర్చుండి, పట్టికలన్నియు ఇంగ్లీషు లిపిలో నుండుటచేత ఆ లిపిలోనే, గిడుగు రామమూర్తిగారి పేరు టైపుచేయగా, ఫలితములు మొత్తము సున్న యని తెర చెప్పినది. ఆయన తల యెత్తి చూచినచో ఎదుటి బీరువాలో గిడుగువారి పుస్తకములు కనబడుచునే యున్నవి.

మామ: నిన్న నీవు వెదకి చూపినప్పుడు వరుసగా పేర్లు చదివిన యంత్రము నేడు ఏమియు లేదనుచున్నది. రాత్రికి రాత్రి పుస్తకములు ఎవరైన నెత్తుకొనిపోయిరా, నాయనా?

అల్లుడు: పుస్తకములును పోలేదు, సూచియు పోలేదు, మామయ్యా. డిస్కులో నే నుంచినచోటనే పదిలముగా నున్నది. సూచి యెక్కడ నున్నదో నచ్‌కు చెప్పు అమరిక యొకటి కలదు, దాని పేరు సెర్చర్.డిర్. మనము ఏమియు చెప్పనిచో దానికి పుట్టుకతో వచ్చిన విలువ 'క్రాల్' అను ఒక్క మాట. ఆ మాటకు ముందు స్లాష్ గుర్తు లేదు గనుక, 'నేను ఏ డైరెక్టరీనుండి బయలుదేరితినో ఆ డైరెక్టరీలోని క్రాల్' అని దాని యర్థము. నిన్న నేను టామ్‌క్యాటును సూచి యున్నచోట నిలిచి మొదలుపెట్టితిని, అందుచేత దొరికినది. రాత్రి కరెంటు వచ్చిన తరువాత యంత్రము తనంతట తాను లేచి, టామ్‌క్యాటును వేఱొక డైరెక్టరీనుండి లేపినది. అచ్చట క్రాల్ అనునదే లేదు.

మామ: ఎవరైన ఉత్తరముమీద 'రామాలయము వెనుక మూడవ యిల్లు' అని మాత్రమే వ్రాసి డబ్బాలో వేసినచో అది ఏ యూరికి చేరవలెను? రామాలయము లేని యూరు ఉన్నదా? వ్రాసినవాడు తన యూరి వీథిలో నిలిచి వ్రాసెను గనుక వానికది సంపూర్ణముగనే కనబడినది. నీ క్రాల్ అను మాటయు అట్టి చిరునామాయే. ఊరు, తాలూకా, జిల్లా చెప్పి, మొదటి స్లాష్ మొదలుకొని తుది డైరెక్టరీవఱకు పూర్తిదారి వ్రాయక, ఇట్టి సగము మాటను అమరిక యని పిలుచుట నాకు సమ్మతము కాదు.

అల్లుడు: ఆ సగము మాటను వ్రాసినవారు తెలివితక్కువవారు కారు. వారు ప్రోగ్రామును కట్టి లోకము మీదికి వదలునప్పుడు మీ డిస్కు ఎట్లుండునో, నా డిస్కు ఎట్లుండునో వారికి తెలియదు. క్రొత్తగా చేతబట్టినవాడు ఏ ఫైలును ముట్టకుండ, ఒక్క డైరెక్టరీలో కూర్చుండి, అచ్చటనే సూచి కట్టి, అచ్చటనే సర్వరును లేపి, పది నిమిషములలో ఫలితము చూడవలెనన్నచో సాపేక్షమైన దారి తప్ప వేఱు ఉపాయము లేదు. మఱియు మీరు కోరు పూర్తిదారియు చిరకాలము నిలుచునది కాదు. రేపు డిస్కు నిండి క్రొత్త డిస్కు తగిలించితిమి, సూచిని అచ్చటికి మార్చితిమి. అప్పుడు మీ పూర్తిదారి పూర్తి యసత్యమగును. నా హైదరాబాదు కార్యాలయములో పరీక్షించు యంత్రము ఒకటి, పాఠకులకు చూపు యంత్రము ఒకటి; ఒకే ప్రోగ్రామును ఇక్కడ పరీక్షించి అక్కడికి మార్చునప్పుడు అందులో పాతుకొని కూర్చున్న పూర్తిదారి యెంత చేటు చేయునో అనుభవించినవారికి గాని తెలియదు.

మామ: మాఱిన చిరునామాను దిద్దుకొనవచ్చును. చిరునామాయే లేనివానిని ఏమి దిద్దగలము? అయినను అడుగుచున్నాను, ఆ పుట్టుకతో వచ్చిన విలువను మార్చవలెనన్న వారి ఫైలునే కొట్టి దిద్దవలెనా?

అల్లుడు: కాదు. అందుకు రెండు ఫైళ్లు గలవు. నచ్-డిఫాల్ట్ అనునది వారితో వచ్చినది; దానిని ముట్టరాదు. నచ్-సైట్ అనునది మనది. అందులో అమరిక పేరును, దాని విలువను వ్రాసినచో మొదటి ఫైలులోని విలువకు బదులు ఇదియే చెల్లును. మనము వ్రాయనివానికి మొదటి ఫైలే దిక్కు.

మామ: ఇది మా వైయాకరణుల ఇంటి పద్ధతియే. మొదటిది ఉత్సర్గము, రెండవది అపవాదము. విశేషము చెప్పబడినచోట సామాన్యము తప్పుకొనును, చెప్పబడనిచోట సామాన్యమే నిలుచును. ఇంత చక్కని యేర్పాటు చేతిలో నుండగా ఆ అపవాదమును నిన్ననే యేల వ్రాయవైతివి?

అల్లుడు: వ్రాయుదును గాని, ఆ వ్రాత యుండవలసిన చోటును గూర్చి నాకు సందేహమున్నది. సూచి కట్టు భాగమునకు ఒక నచ్-సైట్ ఉన్నది. టామ్‌క్యాటులో విప్పబడిన అన్వేషణ భాగమునకు, వెబ్-ఇన్ఫ్ అను డైరెక్టరీలోపల, క్లాసెస్ అనుదానిలో, మఱియొక నచ్-సైట్ ఉన్నది. పేరు ఒక్కటే. అనేకులు మొదటిదానిలో వ్రాసి, రెండవదానిని మఱచి, వ్రాసితిమే యేల దొరకలేదని తల పట్టుకొందురు. రెండవదానిలో వ్రాసినను, రేపు ప్రోగ్రాము క్రొత్త కూర్పును అమర్చునప్పుడు టామ్‌క్యాట్ పాతదానిని తుడిచి క్రొత్తది విప్పును; మన వ్రాతయు దానితో కొట్టుకొనిపోవును. కావున ఇంటి చిరునామా ఇంటి గోడమీదనే వ్రాయుట సరికాదనియు, దానిని బయటినుండి చెప్పవలెననియు నా మతము.

మామ: ఈ మాట నేనును ఒప్పుకొనెదను. గ్రంథాలయమునకు సున్నము వేయించిన ప్రతిసారియు పుస్తకముల సంఖ్యలు చెరగిపోయినచో అది గ్రంథాలయము కాదు.

అల్లుడు: ఇంతవఱకు ఒప్పుకొంటిరి గనుక ఇంకొక మాట. మీ శాస్త్రమే నా పక్షమున నున్నది. పూర్వము పాశ్చాత్య గ్రంథాలయములలో ప్రతి పుస్తకమునకును ఫలాని గదిలో, ఫలాని బీరువాలో, ఫలాని అరలో, ఇన్నవదని స్థిరస్థానము వ్రాసెడివారట. అర నిండినను, గది మారినను సంఖ్యలన్నియు మార్చవలసి వచ్చెడిది. 1876లో డ్యూయీ తన దశాంశ వర్గీకరణమును ప్రకటించినప్పుడు ఆ పద్ధతిని త్రోసి, పుస్తకమునకు బీరువాతో గాక తోటి పుస్తకములతోనే సంబంధము కల్పించెను. బీరువా ఎక్కడికి జరిగినను సంఖ్య మారదు. మీ రంగనాథన్‌గారు 1933లో వెలువరించిన కోలన్ వర్గీకరణమును ఆ దారినే నడచినది. నాకు చిన్నతనమున ఇదంతయు చెప్పినది మీరే. గ్రంథాలయములు సాపేక్షస్థానమును వరించి నూఱేండ్లు దాటగా, యంత్రమును మాత్రము మరల స్థిరస్థానమునకు కట్టివేయు మనుట న్యాయమా?

ఈ మాటకు మామ కొంతసేపు మౌనము వహించెను. ఆయన నోటినుండియే నేర్చిన వాదముతో ఆయననే నిలబెట్టిన అల్లునియందు ఆయనకు కోపము గాక సంతోషమే కలిగెనని నాకు తోచినది.

మామ: సాపేక్ష మన్నావు. దేనికి సాపేక్షము? డ్యూయీ పుస్తకమును పుస్తకమునకు సాపేక్షముగా నుంచెను. అనగా అందఱును ఎఱిగిన యొక వరుసకు, మారని యొక క్రమమునకు సాపేక్షముగా నుంచెను. పాఠకుడు తూర్పు వాకిటినుండి వచ్చినను, పడమటి వాకిటినుండి వచ్చినను, 891 ఎక్కడ నుండవలెనో అక్కడనే యుండును. నీ క్రాల్ అను మాటయో, లోపలికి వచ్చినవాడు ఏ వాకిట అడుగుపెట్టెనో దానికి సాపేక్షము. నిన్న నీవు తూర్పు వాకిట వచ్చితివి గనుక గిడుగువారు ఉన్నారు. రాత్రి యంత్రము పడమటి వాకిట వచ్చినది గనుక లేరు. వీనిని రెంటిని ఒక్క పేరుతో పిలిచితివి గాని, మొదటిది కదలని మేకునకు కట్టిన త్రాడు, రెండవది నడచిపోవువాని మొలకు కట్టిన త్రాడు.

అల్లుడు: (కొంత తడవునకు) ఇది కాదనలేను. ప్రోగ్రాము తన ఇంటికి, అనగా తన్ను స్థాపించిన డైరెక్టరీకి సాపేక్షముగా వెదకినచో చిక్కు లేకపోయెడిది. బయలుదేరినచోటు ఎవరి చేతిలోను లేనిది; చేతితో లేపినప్పుడొకటి, యంత్రము లేపినప్పుడొకటి. హడూప్ ఫైలు వ్యవస్థ మీద సూచి నుంచినవారికి ఇదే వేఱొక రూపమున వచ్చును: అచ్చట స్లాష్ లేని క్రాల్ అనునది ప్రోగ్రామును నడుపు వినియోగదారుని ఇంటి డైరెక్టరీలోని క్రాల్ అగును. సూచి కట్టినవాడు నేను, జవాబు చెప్పునది టామ్‌క్యాట్ పేరుగల వినియోగదారుడు; నా యింటిలో నుంచి, వాని యింటిలో వెదకించినట్లగును. సోలర్‌వారు ఈ విషయమున కొంత మేలు. వారు ముందు సర్వరు అమరికలో ఎవరైన స్థానము చెప్పిరా యని చూతురు, తరువాత నడుపునప్పుడు బయటినుండి ఎవరైన చెప్పిరా యని చూతురు, ఎవరును చెప్పనిచో అప్పుడు మాత్రమే బయలుదేరినచోట సోలర్ అను డైరెక్టరీకై చూతురు.

మామ: అది పెద్దలను అడిగి అడిగి, చివరకు ఎవరును పలుకనిచో తానే తలుపు తీయుట వంటిది, బాగుగనే యున్నది. కాని నాయనా, స్థానము చెప్పకపోవుట నీ తప్పు గావచ్చును, నిర్మాతల తప్పు గావచ్చును. అది నా మనస్సును ఇంతగా కలచలేదు. నన్ను కలచినది ఆ సున్న. యంత్రము 'సూచి నాకు దొరకలేదు' అనలేదు. 'నీ వడిగినది లేదు' అన్నది. ఈ రెండును ఒక్కటియేనా?

అల్లుడు: దాని వైపునుండి చూడుడు. అది మొదట ఆ డైరెక్టరీలో, వేఱే సర్వర్లమీద సూచి యున్నదేమో చెప్పు జాబితా ఫైలుకై వెదకినది, లేదు. తరువాత కలిపి కట్టిన ఇండెక్స్ అను డైరెక్టరీకై వెదకినది, లేదు. తరువాత భాగములుగా నున్న ఇండెక్సెస్ అనుదానిలో, ముగిసినదను గుర్తు గలవానికై వెదకినది, అవియు లేవు. దొరికిన సూచికలు సున్న. సున్న సూచికలలో వెదకగా వచ్చు ఫలితములును సున్నయే. లెక్కలో పిసరంత దోషమును లేదు.

మామ: లెక్కలో దోషము లేదు, సాక్ష్యములో ఉన్నది. అనుపలబ్ధి యను మాట వినియుంటివా? భాట్ట మీమాంసకులును, అద్వైతులును దానిని ఆఱవ ప్రమాణముగా నంగీకరించిరి. నైయాయికు లొప్పుకొనరు, ఆ జగడము మన కిప్పుడు వలదు. 'ఈ నేలమీద కుండ లేదు' అని నీవెట్లు తెలిసికొంటివి? కుండ కనబడకపోవుటచేత. కనబడకపోవుటయే లేకపోవుటకు ప్రమాణము. సరియే. అయితే చీకటిగదిలో నిలిచి, కుండ కనబడలేదు గావున కుండ లేదందువా? అనరాదు. వెలుతురుండవలెను, కన్ను బాగుండవలెను, కుండ యున్నచో తప్పక కనబడియుండును అని చెప్పదగిన స్థితి యుండవలెను. ఆ స్థితిలో కనబడనిచోనే లేదనుటకు అధికారము. దానినే యోగ్యానుపలబ్ధి యన్నారు. సూచిని తెఱవనే తెఱవని నీ యంత్రమునకు, గిడుగువారు లేరనుటకు ఏ యోగ్యత కలదు? అది కన్ను మూసికొని కుండ లేదన్నది.

అల్లుడు: పాఠకుడు అంత దూరము ఆలోచింపడు, మామయ్యా.

మామ: ఆలోచింపడు గనుకనే భయపడుచున్నాను. నా నౌకరీలో ఒకసారి, బీరువా తాళపుచెవి తనయొద్ద లేని కుఱ్ఱవాడొకడు, ఆ మాట చెప్పుటకు సిగ్గుపడి, పుస్తకమడిగిన ముసలాయనతో ఆ పుస్తకము మనయొద్ద లేదని చెప్పి పంపెను. ఆయన పది మైళ్లు నడచి వచ్చినవాడు. అది ఆయన తాతగారి పుస్తకము. మఱెక్కడను ప్రతి లేదు. మాయొద్దను లేదన్న మాట విని, అది లోకమునుండి నశించినదని నమ్మి వెళ్లిపోయెను. తాళపుచెవి లేదని చెప్పియున్నచో మఱునాడు మరల వచ్చెడివాడు. 'తెలియదు' అను మాట మనుష్యుని వాకిట నిలుపును, 'లేదు' అను మాట ఇంటికి పంపివేయును. నే నా కుఱ్ఱవానిని మందలించితిని గాని, ముసలాయన ఊరేదో కనుగొనలేకపోతిని.

ఈ మాట చెప్పునప్పుడు ఆయన కంఠము తగ్గినది. అల్లుడును వెంటనే బదులు చెప్పలేదు.

అల్లుడు: మీరు కోరునట్టి కూర్పులును లేకపోలేదు. కొన్నిటిలో సూచి దొరకనిచో పుట నిండ జావా భాషలో తప్పుల వరుస వచ్చి పడును. అది చూచి పాఠకులు జడిసికొని యంత్రము చెడిపోయినదని కేకలు వేయుదురు.

మామ: జడిసికొందురు గాక! నిజము చెప్పి జడిపించిన యంత్రమునే నేను గౌరవింతును.

అల్లుడు: కాని ఖాళీ సూచియు ఒక సత్యమే గదా? ఈనాడే తెఱచిన గ్రంథాలయమున ఒక పుస్తకమును లేదు. అచ్చట సున్న యనుట అబద్ధమా?

మామ: కాదు. బీరువా యున్నది, అరలు ఖాళీ. తెఱచి చూచి లేదన్నాడు. ఆ రెంటికిని భేదము కనిపెట్టుట యంత్రమునకు శక్యము కాదా?

అల్లుడు: శక్యమే. లూసీన్ సూచిలో ఒక్క పత్రము లేకున్నను సెగ్మెంట్స్ అను పేరుతో మొదలగు ఫైలొకటి యుండును. సూచియే లేనిచో అదియు ఉండదు. ఆ ఫైలున్నదా యని చూచినచో మీ రన్న భేదము తెలియును. ఈ విషయమున సోలర్ పోకడ మీకు నచ్చదని ముందే చెప్పుచున్నాను. సూచి యుండవలసిన డైరెక్టరీ దొరకనిచో అది ఒక హెచ్చరికను లాగ్ ఫైలులో వ్రాసి, ఆ చోటనే క్రొత్త ఖాళీ సూచిని తానే కట్టుకొనును.

మామ: హరిహరీ! తాళపుచెవి దొరకలేదని క్రొత్త బీరువా చేయించి, దానిని తెఱచి చూపి, చూడుడు ఏమియు లేదనుట! ఆ మీదట నీ సెగ్మెంట్స్ ఫైలు కూడ ఉండును. భేదము కనిపెట్టు దారియు మూసికొనిపోవును.

అల్లుడు: క్రొత్తగా మొదలుపెట్టువానికి అది సౌకర్యము. హెచ్చరిక వ్రాయుచునే యున్నది.

మామ: ఎవరు చదువుటకు?

అల్లుడు దీనికి నవ్వలేదు, కోపగింపలేదు. కుర్చీ ముందుకు జరుపుకొని, టామ్‌క్యాటును ఆపి, వెబ్-ఇన్ఫ్ లోపలి నచ్-సైట్ ఫైలు తెఱచి, సెర్చర్.డిర్ విలువగా '/డేటా/క్రాల్' అని మొదటి స్లాష్‌తో సహా వ్రాసెను. ఆ ఫైలు ప్రతి నొకదానిని ప్రోగ్రామునకు వెలుపల వేఱొక డైరెక్టరీలో నుంచి, క్రొత్త కూర్పు వచ్చినప్పుడెల్ల దానిని మరల లోపలికి చేర్చు చిన్న ఆజ్ఞల ఫైలును కట్టెను. టామ్‌క్యాట్ నడచు వినియోగదారునికి ఆ డైరెక్టరీ చదువు అనుమతి కలదో లేదో పరీక్షించెను, ఏలయనగా దారి సరిగనే యుండి అనుమతి లేకపోయినను జవాబునకు గతి లేదు. ఆ తరువాత తన డైరెక్టరీలో గాక, కావలెననియే వేఱొక డైరెక్టరీలోనికి పోయి, అచ్చటనుండి సర్వరును లేపెను. లాగ్ ఫైలులో, సూచికలను '/డేటా/క్రాల్/ఇండెక్సెస్' నుండి తెఱచుచున్నానను పంక్తి వచ్చినది. మామ మరల గిడుగువారి పేరు టైపుచేసెను. వరుసగా ఫలితములు వచ్చినవి. ఆయన వానిని ఒక్కొక్కటిగా చదివి, బీరువావైపు చూచి, తల యూచెను.

మామ: ఒక్క విషయమున మాత్రము నీతో నా తగవు తీరలేదు. ఈ దారి యెన్నడైన తప్పినచో అది మరల సున్నయే చెప్పును గదా?

అల్లుడు: చెప్పును. జవాబు చూపు పుటను కొంత దిద్ది, సూచి తెఱవబడనిచో 'సూచి అందుబాటులో లేదు, తరువాత వెదకుడు' అని వ్రాయించెదను. కాని అంతమాత్రమునకు సర్వరునే లేవకుండ ఆపుటకు నే నొప్పుకొనను. అదే సర్వరుమీద గ్రంథాలయపు వేళలు, సభ్యత్వపు పత్రములు ఉన్నవి. సూచి దొరకలేదని అవియు మూతపడరాదు.

మామ: నేనైతే తలుపు తీయను.

అల్లుడు: మీరు తీయరని తెలియును, మామయ్యా.

దీపములు వెలిగినవి. మామ లేచి పోయి, పుస్తకముల చేరిక రిజిస్టరును తెచ్చి, దాని మొదటి పుటలో, గ్రంథాలయపు ఆస్తుల క్రింద, బీరువాల సంఖ్యకు దిగువ పంక్తిలో, తన గుండ్రని చేవ్రాతతో '/డేటా/క్రాల్' అని వ్రాసి, ప్రక్కన తేదీ వేసి, కలము మూయకుండ అల్లునివైపు చూచెను.

మామ: డిస్కు మారినప్పుడు ఈ పంక్తిని కొట్టివేసి క్రొత్తది వ్రాయవలసినవాడు ఎవరు?

అల్లుడు తన పేరు చెప్పెను. ఆయన దానిని కూడ తేదీ ప్రక్కన వ్రాసికొనెను.